మొదటి కాన్పు సాఫీగానే.. రెండో బిడ్డకే ఎందుకు ముప్పు? నెగెటివ్ బ్లడ్ గ్రూప్ వెనక ఆర్‌హెచ్ ఫ్యాక్టర్ అసలు కథ ఇదీ!

మీ బ్లడ్ గ్రూప్ ఏంటి అని అడిగితే ఓ పాజిటివ్ అనో, బి పాజిటివ్ అనో ఠక్కున చెప్పేస్తాం. ఏ, బి, ఏబీ, ఓ గురించి స్కూల్లో ఎంతో కొంత చదువుకున్నాం. మరి ఆ చివర్లో తగిలించే పాజిటివ్, నెగెటివ్ సంగతేంటి? చాలామందికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ పడదు. ఎందుకంటే మన దేశంలో దాదాపు 95 శాతం మంది పాజిటివే.

మిగతా 5 శాతం మంది పరిస్థితి వేరు. అందులోనూ ఆడవాళ్లకి ఆ ఒక్క మాట పుట్టబోయే బిడ్డ ప్రాణానికి సంబంధించిన విషయం. మొదటి కాన్పు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోతుంది. అంతా బాగానే ఉందనుకుంటారు. రెండోసారి కడుపులోనే బిడ్డ పోవడమో, పుట్టిన కొన్ని గంటలకే ఒళ్లంతా పచ్చబడటమో జరుగుతుంది. ఒకప్పుడు దీన్ని శాపం అన్నారు, దిష్టి అన్నారు. ఇప్పుడు కారణం తెలుసు, ఆపే ఇంజెక్షన్ కూడా ఉంది. కాకపోతే అది టైమ్‌కి పడాలి. టైమ్ దాటిపోయి, తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టేశాక ఎన్ని ఇంజెక్షన్లు వేసినా లాభం ఉండదు.

అసలు ఏంటీ ఆర్‌హెచ్ ఫ్యాక్టర్?

రక్తానికి ఎరుపు రంగునిచ్చే ఎర్ర రక్తకణాల పైపొర మీద రకరకాల ప్రొటీన్లు, చక్కెర పదార్థాలు ఉంటాయి. వాటిల్లో ఏ, బి అనేవి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి ఏ, బి, ఏబీ, ఓ గ్రూపులు వచ్చాయి. వాటితో సంబంధం లేకుండా అదే కణం మీద ఇంకో ప్రొటీన్ కూడా ఉంటుంది. దాని పేరు డి యాంటీజెన్. అది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. అంతే!

అంటే నెగెటివ్ అన్నది జబ్బు కాదు. లోపం కూడా కాదు. డి లేకపోయినా ఆ మనిషి రక్తం ఆక్సిజన్‌ని మామూలుగానే మోస్తుంది, ఆరోగ్యం మామూలుగానే ఉంటుంది. రిపోర్టులో నెగెటివ్ అని చూడగానే కంగారు పడే పెద్దవాళ్లకి ముందు చెప్పాల్సింది ఇదే.

నిజానికి ఆర్‌హెచ్ కుటుంబంలో డి ఒక్కటే లేదు. పెద్ద సి, చిన్న సి, పెద్ద ఈ, చిన్న ఈ అంటూ 50కి పైగా యాంటీజెన్లు గుర్తించారు. కానీ వాటన్నిటిలో రోగనిరోధక వ్యవస్థను గట్టిగా రెచ్చగొట్టేది డి కాబట్టి, మామూలుగా పాజిటివ్, నెగెటివ్ అని చెప్పేది దాన్ని చూసే.

ల్యాబ్‌లో టెస్ట్ చేసేటప్పుడు గమనించారా? స్లైడ్ మీద మూడు చోట్ల రక్తం చుక్కలు వేస్తారు. ఒకదాంట్లో నీలం రంగు ద్రవం, ఇంకోదాంట్లో పసుపు రంగు ద్రవం, మూడోదాంట్లో రంగు లేని ద్రవం కలుపుతారు. మొదటి రెండూ ఏ, బి కోసం. మూడోది డి కోసం. ఆ మూడో చుక్క పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా విడిపోతే పాజిటివ్, ఎప్పటిలాగే నున్నగా ఉంటే నెగెటివ్.

కోతి పేరు ఎందుకు పెట్టారు?

ఆర్‌హెచ్ అంటే రీసస్. అదొక కోతి జాతి పేరు. ఉత్తర భారతంలో గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో కనిపించే ఎర్రమొహం కోతి అదే. 1940లో న్యూయార్క్‌లో కార్ల్ లాండ్‌స్టీనర్, అలెగ్జాండర్ వీనర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ కోతి రక్తకణాల్ని కుందేళ్లకి ఎక్కించి, ఆ కుందేళ్లలో తయారైన యాంటీబాడీలను మనుషుల రక్తంతో కలిపి చూశారు. దాదాపు 85 శాతం మంది రక్తం గడ్డ కట్టింది. మిగతా 15 శాతం మందిది కట్టలేదు. కోతిలోనూ మనిషిలోనూ ఒకటే ఉందనుకుని రీసస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టేశారు.

ఇక్కడో తమాషా ఉంది. తర్వాత తేలిందేంటంటే, కుందేళ్లలో తయారైన యాంటీబాడీ, మనుషుల్లో తయారయ్యే యాంటీబాడీ ఒకటి కాదు. కోతి కణాలతో దొరికింది వేరే యాంటీజెన్. దానికి ఆ ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలతో ఎల్‌డబ్ల్యూ అని పేరు పెట్టారు. అప్పటికే ఆర్‌హెచ్ అన్న పేరు ఆస్పత్రుల్లో పాతుకుపోవడంతో దాన్ని మార్చలేదు. కాబట్టి మన బ్లడ్ గ్రూప్‌లోని డి యాంటీజెన్‌కి ఆ కోతి పేరు ఉన్నది ఒక పొరపాటు వల్లే.

ఈ లాండ్‌స్టీనర్ ఎవరో కాదు, వియన్నాలో ఉన్నప్పుడు 1901లో ఏ, బి, ఓ గ్రూపుల్ని బయటపెట్టినాయన. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా జూన్ 14న జరిపే ప్రపంచ రక్తదాతల దినోత్సవం ఆయన పుట్టినరోజే.

అయితే అసలు సమస్యను మనుషుల్లో ముందుగా పట్టుకున్నది ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్. 1939లో వాళ్లు ఒక కేసు గురించి రాశారు. న్యూయార్క్‌లో ఒకావిడకి కడుపులోనే బిడ్డ చనిపోయింది. రక్తం బాగా పోవడంతో భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అప్పటి లెక్క ప్రకారం సరిపోవాలి. కానీ ఎక్కించగానే ఆవిడకి తీవ్రమైన రియాక్షన్ వచ్చింది. భర్త కణాల మీద ఉన్నదేదో బిడ్డకి వచ్చిందనీ, అది తల్లి ఒంట్లో లేకపోవడంతో ఆమె శరీరం దానికి ఎదురు తిరిగిందనీ లెవిన్ ఊహించారు. ఆ ఊహ నిజమే. కాకపోతే ఆయన దానికి పేరు పెట్టలేదు. పేరు పెట్టింది లాండ్‌స్టీనర్, వీనర్ కాబట్టి ఈ ఘనత ఎవరిదన్న గొడవ లెవిన్, వీనర్ మధ్య ఏళ్ల తరబడి నడిచింది.

అసలు ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది?

తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అనుకుందాం. బిడ్డకి తండ్రి నుంచి డి వచ్చి పాజిటివ్ అయ్యింది. కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో మాయ అడ్డుగోడలా ఉంటుంది. కానీ కాన్పు సమయంలో మాయ ఊడి వచ్చేటప్పుడు బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలోకి వెళ్తుంది. ఎక్కువేం అక్కర్లేదు, ఒక మిల్లీలీటరు కన్నా తక్కువైనా చాలు.

తల్లి శరీరం ఎప్పుడూ చూడని డి యాంటీజెన్‌ని మొదటిసారి చూస్తుంది. ఎవరో కొత్తవాళ్లు ఇంట్లోకి చొరబడ్డారనుకుని యాంటీబాడీలు తయారు చేయడం మొదలుపెడుతుంది. దానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోపు బిడ్డ పుట్టేసింది కాబట్టి ఆ మొదటి బిడ్డకి ఏమీ కాదు. సమస్య ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఒంట్లో మాత్రం ఆ జ్ఞాపకం జీవితాంతం ఉండిపోతుంది.

రెండో గర్భంలోనూ పాజిటివ్ బిడ్డే పడితే? ఈసారి తల్లి శరీరం ఆలస్యం చేయదు. ఐజీజీ రకం యాంటీబాడీలను వేగంగా, భారీగా తయారు చేస్తుంది. ఇవి మాయను దాటగలవు. బిడ్డకి రక్షణ ఇవ్వడం కోసం తల్లి నుంచి యాంటీబాడీలు వెళ్లేందుకు ప్రకృతి పెట్టిన దారి అది. అదే దారిలో ఇవీ వెళ్లి బిడ్డ ఎర్ర రక్తకణాలకి అంటుకుంటాయి. అలా అంటుకున్న కణాల్ని బిడ్డ శరీరమే ప్లీహంలో నాశనం చేసేస్తుంది.

కణాలు తగ్గిపోతే బిడ్డకి రక్తహీనత. అది ముదిరితే గుండె మీద భారం పడి, ఒళ్లంతా నీరు చేరి, కడుపులోనే ప్రాణం పోవచ్చు. బతికి పుడితే ఇంకో గండం. పగిలిన కణాల నుంచి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని కడుపులో ఉన్నప్పుడు తల్లి శరీరం బయటకి పంపించేది. పుట్టాక ఆ పని బిడ్డ కాలేయమే చేసుకోవాలి. పసికందు కాలేయానికి అంత శక్తి ఉండదు. దాంతో గంటల్లోనే కామెర్లు ఎక్కువైపోతాయి. బిలిరుబిన్ మెదడులోకి చేరితే వినికిడి పోవడం, కాళ్లూచేతులు సరిగా కదలకపోవడం లాంటివి జీవితాంతం మిగులుతాయి.

1609లో లూయీ బూర్జ్వా అనే ఫ్రెంచ్ మంత్రసాని ఒక కవలల కాన్పు గురించి రాసింది. ఒక బిడ్డ ఒళ్లంతా నీరు పట్టి పుట్టగానే పోయింది, రెండో బిడ్డ పచ్చగా మారి కొద్ది రోజుల్లో పోయింది. ఈ జబ్బుకి దొరికిన తొలి వర్ణన ఇదేనని చెప్తారు. ఆ రెండూ ఒకే జబ్బుకి రెండు రూపాలని అర్థం కావడానికి తర్వాత 300 ఏళ్లకి పైగా పట్టింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో పుట్టిన బిడ్డ పచ్చగా ఉంటే 'పసి కామెర్లు మామూలే, పొద్దున్నే ఎండలో పెట్టండి, తగ్గిపోతాయి' అంటారు. మూడో రోజు నుంచి వచ్చే కామెర్లు చాలామంది పిల్లల్లో మామూలే, నిజం. కానీ పుట్టిన 24 గంటల్లోపు కనిపించే కామెర్లు ఎప్పుడూ మామూలు కాదు. తల్లి నెగెటివ్ అయితే అస్సలు కాదు. అప్పుడు ఎండ, పసరు మందు అంటూ కూర్చోకూడదు. బిలిరుబిన్ టెస్ట్ చేయించి, అవసరమైతే నీలం లైటు కింద ఫొటోథెరపీ ఇప్పించాలి. ఇంకా ఎక్కువైతే బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా తీస్తూ కొత్త రక్తం ఎక్కించే ఎక్స్‌చేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్ చేయాల్సి వస్తుంది.

మొదటి కాన్పే కదా అనుకోవద్దు

మొదటి బిడ్డకి ముప్పు లేదు అన్న మాటకి మినహాయింపులున్నాయి. అంతకుముందు గర్భం పోయినా, గర్భసంచి బయట ట్యూబులో గర్భం వచ్చినా, అబార్షన్ జరిగినా, ఎప్పుడో పొరపాటున పాజిటివ్ రక్తం ఎక్కించినా తల్లి ఒంట్లో యాంటీబాడీలు ముందే ఉండొచ్చు. గర్భంతో ఉండగా బండి మీద నుంచి పడి పొట్టకి దెబ్బ తగిలినా, మధ్యలో బ్లీడింగ్ అయినా, ఉమ్మనీరు తీసి టెస్ట్ చేసినా బిడ్డ రక్తం తల్లిలోకి వెళ్లే అవకాశం ఉంది.

మెడికల్ షాపులో టాబ్లెట్లు తెచ్చుకుని ఇంట్లోనే గర్భం తీయించుకునే వాళ్ల సంగతి ఇంకా ఇబ్బందికరం. అక్కడ బ్లడ్ గ్రూప్ ఎవరూ అడగరు. ఎన్ని వారాలైందో కూడా సరిగా తెలియదు. 12 వారాల్లోపు అబార్షన్‌కి ఈ ఇంజెక్షన్ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెప్తున్నాయి. మన దగ్గర మాత్రం చాలామంది డాక్టర్లు జాగ్రత్త కోసం ఇస్తూనే ఉన్నారు. ఏది అవసరమో తేల్చాల్సింది డాక్టరే కాబట్టి, ఇంట్లో గుట్టుగా కానిచ్చేస్తే ఆ అవకాశమే పోతుంది. ఎప్పుడో జరిగిన అబార్షన్‌ని కొత్త డాక్టర్ దగ్గర దాచిపెట్టడం కూడా ఇలాంటిదే. అత్తగారి ముందు చెప్పడం ఇబ్బందైతే డాక్టర్‌తో విడిగా మాట్లాడండి.

ఆ ఒక్క ఇంజెక్షన్ కథ

1960ల్లో రెండు బృందాలు, ఒకటి న్యూయార్క్‌లో, ఇంకోటి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, దాదాపు ఒకే ఆలోచనకి వచ్చాయి. లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే డాక్టర్‌కి సీతాకోకచిలుకలు పెంచడం సరదా. వాటి రెక్కల రంగులు ఎలా వారసత్వంగా వస్తాయో చూస్తూ, అక్కడి నుంచి బ్లడ్ గ్రూపుల మీదకి వచ్చారు. వాళ్లు గమనించిందేంటంటే, తల్లీబిడ్డల మధ్య ఏ, బి, ఓ గ్రూపులు కూడా సరిపడకపోతే ఆర్‌హెచ్ సమస్య తక్కువగా వస్తోంది. ఎందుకు? బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి రాగానే, తల్లిలో ముందే ఉండే ఏ, బి యాంటీబాడీలు వాటిని తుడిచిపెట్టేస్తున్నాయి. డి యాంటీజెన్‌ని చూసి గుర్తుపెట్టుకునే టైమ్ తల్లి శరీరానికి దొరకడం లేదు.

అయితే అదే పని మనం బయటి నుంచి చేస్తే? డికి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలనే తల్లికి ఇంజెక్షన్‌గా ఇస్తే, బిడ్డ కణాలు ఆమె రోగనిరోధక వ్యవస్థ కంట పడకముందే మాయమవుతాయి కదా! వినడానికి వింతగా ఉంటుంది. ఏ యాంటీబాడీ వల్ల ప్రమాదమో దాన్నే మందుగా ఇవ్వడం. కానీ ఇచ్చేది కొద్ది మోతాదు. కొన్ని నెలల్లో కరిగిపోతుంది. తల్లి సొంతంగా తయారు చేసుకునేదైతే జీవితాంతం ఉంటుంది.

లివర్‌పూల్ బృందం మొదట వాడిన యాంటీబాడీ రకం పనిచేయలేదు. రకం మార్చాక ఫలితం వచ్చింది. న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రెడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ బృందం సింగ్ సింగ్ జైల్లోని ఖైదీ వలంటీర్ల మీద పరీక్షలు చేసింది. చివరికి 1968లో అమెరికాలో యాంటీ-డి ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది.

దాని ప్రభావం అంకెల్లో చూడండి. ఇంజెక్షనే లేని రోజుల్లో, పాజిటివ్ బిడ్డని కన్న నెగెటివ్ తల్లుల్లో సుమారు నూటికి 16 మందికి యాంటీబాడీలు పుట్టేవి. కాన్పు తర్వాత ఇంజెక్షన్ వేయడం మొదలయ్యాక అది నూటికి ఒకరిద్దరికి దిగింది. గర్భంతో ఉండగా 28వ వారంలో కూడా ఒక డోసు ఇస్తే వెయ్యికి ఒకరిద్దరికి పడిపోయింది. వైద్యంలో ఇంత తేలికగా, ఇంత పూర్తిగా అదుపులోకి వచ్చిన జబ్బులు చాలా తక్కువ.

ఈ మందు ఫ్యాక్టరీలో పుట్టే రసాయనం కాదు. ఒంట్లో యాంటీ-డి ఉన్న మనుషులు ఇచ్చే ప్లాస్మా నుంచి తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన రక్తంలో ఇది పుష్కలంగా ఉండేది. 14 ఏళ్ల వయసులో పెద్ద ఆపరేషన్ జరిగి, ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికారు. 18 ఏళ్లు నిండగానే తానూ ఇవ్వడం మొదలుపెట్టారు. 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు ఇచ్చారు. ఆయన ప్లాస్మాతో తయారైన మందు 24 లక్షల మంది పిల్లల్ని కాపాడిందని అంచనా. సూది గుచ్చేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా అటువైపు చూసేవారు కాదట, సూదంటే అంత భయం! 2025 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన కణాల నుంచి తయారు చేసే మోనోక్లోనల్ యాంటీ-డి కూడా మన దేశంలో వాడుకలో ఉంది.

నెగెటివ్ అని తెలిస్తే ఏం చేయాలి?

గర్భం అని తెలిసిన మొదటి విజిట్‌లోనే బ్లడ్ గ్రూప్ టెస్ట్ చేస్తారు. నెగెటివ్ వస్తే భర్త గ్రూప్ కూడా చూస్తారు. భర్త కూడా నెగెటివే అయితే బిడ్డ నెగెటివే అవుతుంది, భయం లేదు. భర్త పాజిటివ్ అయితే తల్లికి ఐసీటీ అనే టెస్ట్ చేయాలి. పూర్తి పేరు ఇండైరెక్ట్ కూంబ్స్ టెస్ట్. 1945లో కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, ఆయన సహచరులు కనిపెట్టారు. తల్లి రక్తంలో డికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయా అన్నది ఇది చెప్తుంది.

ఐసీటీ నెగెటివ్ అంటే మంచి వార్త. యాంటీబాడీలు ఇంకా పుట్టలేదు. గ్రూప్ నెగెటివ్, ఐసీటీ కూడా నెగెటివ్.. ఈ రెండు నెగెటివ్‌లను కలిపి గందరగోళ పడేవాళ్లు చాలామంది. మొదటిది మీ గ్రూప్, రెండోది మీకున్న అవకాశం. 28 వారాల దగ్గర టెస్ట్ మళ్లీ చేసి, అప్పుడూ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇస్తారు. ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాలపాటు ఐసీటీ కొద్దిగా పాజిటివ్ చూపించొచ్చు. అది మందులోని యాంటీబాడీయే. ఆస్పత్రి మారితే ఎప్పుడు ఇంజెక్షన్ వేయించుకున్నారో తేదీతో సహా చెప్పకపోతే కొత్త డాక్టర్ తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

కాన్పు అవ్వగానే బొడ్డుతాడు నుంచి రక్తం తీసి బిడ్డ గ్రూప్ చూస్తారు. బిడ్డ నెగెటివ్ అయితే ఇంజెక్షన్ అక్కర్లేదు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి మళ్లీ యాంటీ-డి వేయాలి. మామూలుగా వాడే డోసు 300 మైక్రోగ్రాములు. సుమారు 30 మిల్లీలీటర్ల బిడ్డ రక్తాన్ని అది అడ్డుకోగలదు. బ్లీడింగ్ మరీ ఎక్కువైతే ఇంకో డోసు అవసరమా అని చూస్తారు. 72 గంటలు దాటిపోయిందని వదిలేయకండి. కొంత ఆలస్యమైనా పదో రోజు దాకా ఇస్తే ఎంతోకొంత ఉపయోగం ఉంటుంది.

ధర వేలల్లో ఉండటంతో 'ఇద్దరు చాలు, ఇంక కనేది లేదు కదా, ఎందుకు ఈ ఖర్చు' అనుకునేవాళ్లున్నారు. మొదటి కాన్పు తర్వాతే 'తర్వాత చూద్దాంలే' అనేవాళ్లూ ఉన్నారు. మొదటి కాన్పు తర్వాత మానేస్తే మాత్రం దాని ఫలితం రెండో బిడ్డ మీద పడుతుంది.

మరి ఐసీటీ ఇప్పటికే పాజిటివ్ వస్తే? యాంటీ-డి పనిచేయదు. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. యాంటీబాడీల స్థాయి ఎంతుందో చూస్తూ, బిడ్డ మెదడులోని రక్తనాళంలో రక్తం వేగాన్ని డాప్లర్ స్కాన్‌తో కొలుస్తారు. రక్తం పలచబడితే వేగం పెరుగుతుంది. సూది గుచ్చకుండానే రక్తహీనత ఇలా తెలిసిపోతుంది. మరీ ఎక్కువైతే కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కిస్తారు. 1963లో న్యూజిలాండ్ డాక్టర్ విలియం లైలీ మొదటిసారి ఇది చేశారు. అప్పట్లో ఎక్స్‌రే సాయంతో చేశారు, ఇప్పుడు స్కానింగ్‌లో చూస్తూ బొడ్డుతాడులోకే ఎక్కిస్తున్నారు. ఫీటల్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే ఇది సాధ్యం కాబట్టి ఐసీటీ పాజిటివ్ వస్తే కాన్పు దాకా ఆగకుండా అలాంటి చోటుకి వెళ్లాలి.

తల్లిదండ్రులిద్దరూ పాజిటివ్.. బిడ్డ నెగెటివ్ ఎలా?

ఈ ప్రశ్న కొన్ని ఇళ్లలో చిచ్చు పెడుతుంది. 'మా వంశంలో నెగెటివ్ ఎవరూ లేరు' అనే మాట మొదలై, కోడలి మీద అనుమానం దాకా వెళ్తుంది. లెక్క చాలా సింపుల్. ప్రతి ఒక్కరికీ ఈ జన్యువు రెండు కాపీలుంటాయి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక్క కాపీలో డి ఉన్నా పాజిటివే. అంటే పైకి పాజిటివ్‌గా కనిపించే మనిషి లోపల ఒక నెగెటివ్ కాపీని మోస్తూ ఉండొచ్చు. జనాభాలో 5 శాతం నెగెటివ్ ఉంటే, పాజిటివ్ వాళ్లలో మూడో వంతుకి పైగా ఇలా మోస్తున్నవాళ్లే అవుతారు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు నెగెటివ్ అయ్యే అవకాశం ఉంది. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు.

తండ్రి పాజిటివ్, తల్లి నెగెటివ్ అయినప్పుడు కూడా ఇదే. తండ్రిలో రెండు కాపీలూ డి అయితే పిల్లలంతా పాజిటివ్. ఒకటే అయితే సగానికి సగం అవకాశం. కొన్ని యూరప్ దేశాల్లో తల్లి రక్తంలో తేలే బిడ్డ డీఎన్ఏని పరీక్షించి, బిడ్డ నెగెటివ్ అని ముందే తెలిస్తే ఇంజెక్షన్ మానేస్తున్నారు.

ఇంకో అపోహ కూడా ఉంది. భార్యాభర్తలది ఒకే బ్లడ్ గ్రూప్ అయితే పిల్లలు పుట్టరని, లేదా లోపంతో పుడతారని. అబద్ధం. ఇద్దరిదీ ఓ పాజిటివ్ అయినా, బి పాజిటివ్ అయినా గ్రూప్ వల్ల ఏ ఇబ్బందీ రాదు. చూసుకోవాల్సిన కాంబినేషన్ ఒక్కటే: భార్య నెగెటివ్, భర్త పాజిటివ్. దానికీ ఇంజెక్షన్ ఉంది కాబట్టి సంబంధం వదులుకోవాల్సిన పని లేదు. భార్య పాజిటివ్, భర్త నెగెటివ్ అయితే ఈ సమస్యే రాదు.

రీల్స్‌లో తిరిగే ఇంకో కథ, నెగెటివ్ వాళ్లు గ్రహాంతరవాసుల సంతతి అని. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లోని బాస్క్ ప్రజల్లో నెగెటివ్ చాలా ఎక్కువగా ఉండటం, చైనా, జపాన్‌లో ఒక శాతం కూడా లేకపోవడం నిజమే. జన్యువు ఒక కాపీ ఎగిరిపోయి తరతరాలుగా వచ్చినందువల్ల అది. ఆకాశం నుంచి ఎవరూ దిగలేదు.

రక్తం ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుంది?

నెగెటివ్ రక్తాన్ని గ్రూప్ కలిస్తే పాజిటివ్ వాళ్లకి ఎక్కించొచ్చు. పాజిటివ్ రక్తాన్ని నెగెటివ్ వాళ్లకి ఎక్కించకూడదు. ఏ, బి విషయంలో తప్పు జరిగితే అప్పటికప్పుడే ప్రాణం మీదకి వస్తుంది, ఎందుకంటే ఆ యాంటీబాడీలు ముందే ఉంటాయి. డి విషయంలో అలా ముందే ఉండవు. అందుకే మొదటిసారి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. యాక్సిడెంట్‌లో రక్తం పోతూ, నెగెటివ్ దొరక్క ప్రాణం పోయే పరిస్థితిలో మగవాళ్లకి, వయసు మళ్లిన ఆడవాళ్లకి డాక్టర్లు పాజిటివ్ ఎక్కించే నిర్ణయం తీసుకోవడం ఉంది. అమ్మాయిల విషయంలో మాత్రం వీలైనంత వరకు తీసుకోరు. ఆరేళ్ల పాపకి ఇవాళ ఎక్కించిన పాజిటివ్ రక్తం ఇరవై ఏళ్ల తర్వాత ఆమె కడుపులో బిడ్డకి ముప్పు కావచ్చు.

కొందరికి ఒక రిపోర్టులో పాజిటివ్ అని, ఇంకో రిపోర్టులో నెగెటివ్ అని వస్తుంది. ల్యాబ్ వాళ్లని తిట్టుకుంటారు. ప్రతిసారీ వాళ్ల తప్పు కాకపోవచ్చు. వీక్ డి అని ఒక రకం ఉంది. కణం మీద డి ఉంటుంది కానీ చాలా తక్కువ. ఇలాంటి వాళ్లు రక్తం ఇచ్చేటప్పుడు పాజిటివ్‌గా, తీసుకునేటప్పుడు జాగ్రత్త కోసం నెగెటివ్‌గా లెక్కేస్తారు. రెండు రిపోర్టులు తేడాగా ఉంటే దాచకుండా రెండూ డాక్టర్‌కి చూపించండి.

ఆర్‌హెచ్ యాంటీజెన్లు ఒక్కటి కూడా లేని రక్తం కూడా ఉంది. ఆర్‌హెచ్ నల్ అంటారు. గోల్డెన్ బ్లడ్ అని పేరు. 1961లో ఆస్ట్రేలియా ఆదివాసీ మహిళలో మొదటిసారి బయటపడింది. ప్రపంచం మొత్తం మీద 50 మందికి మించి గుర్తించలేదు. పేరు గొప్పగానే ఉన్నా వీళ్ల ఎర్రకణాలు పెళుసుగా ఉండి రక్తహీనత వస్తుంది. దీన్ని 1952లో ముంబైలో కనిపెట్టిన బాంబే బ్లడ్ గ్రూప్‌తో కలిపేస్తుంటారు. అది వేరు, ఆర్‌హెచ్‌తో దానికి సంబంధం లేదు.

వాట్సాప్‌లో 'అర్జెంట్‌గా ఓ నెగెటివ్ కావాలి' అనే మెసేజ్‌లు చూస్తుంటాం. చాలావాటికి తేదీ ఉండదు. పేషెంట్ డిశ్చార్జ్ అయి ఆరు నెలలైనా తిరుగుతూనే ఉంటాయి. నెగెటివ్ నిజంగా అవసరమైనవాళ్లు ముందు ఈ-రక్తకోష్ పోర్టల్‌లో దగ్గరి బ్లడ్ సెంటర్‌లో స్టాక్ ఉందో చూడటం మంచిది. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. 20 మందిలో ఒకరి దగ్గరే దొరికే రక్తాన్ని ఎక్కువ తీసి పెట్టుకుంటే వృథా అవుతుంది, పెట్టుకోకపోతే అవసరానికి దొరకదు. అందుకే చాలా బ్లడ్ సెంటర్లు నెగెటివ్ దాతల ఫోన్ నంబర్లు రాసి పెట్టుకుని, అవసరమైనప్పుడు పిలుస్తాయి. మీది నెగెటివ్ అయితే, వయసు 18 నుంచి 65 మధ్య ఉండి బరువు 45 కిలోలు దాటితే, దగ్గర్లోని సెంటర్‌లో పేరు ఇచ్చి రండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. గర్భంతో ఉన్న నెగెటివ్ మహిళలైతే ఏడో నెలలోనే మీరు కాన్పు చేయించుకోబోయే ఆస్పత్రిలో మీ గ్రూప్ రక్తం సిద్ధంగా ఉంటుందా, యాంటీ-డి స్టాక్ ఉందా అని అడిగి తెలుసుకోండి. తల్లీబిడ్డల కార్డు మీద గ్రూప్ రాసే గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ఏఎన్ఎంతో రాయించుకోండి.